డీఓబీ ఫైలింగ్ అంతా ఆన్‌లైన్ అయ్యాక కాంట్రాక్టర్‌కు ఎక్స్‌పెడైటర్ ఎందుకు?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్‌లో ఎం.ఎస్. చేసి న్యూయార్క్‌లో ఒక జనరల్ కాంట్రాక్టర్ దగ్గర అసిస్టెంట్ ప్రాజెక్ట్ మేనేజర్‌గా చేరారు. ప్రతి ప్రాజెక్టులోనూ పర్మిట్ కాగితాల పని చూసే మనిషికి, అంటే ఎక్స్‌పెడైటర్‌కు, వేల డాలర్లు చెల్లించడం చూస్తున్నారు. దరఖాస్తులన్నీ నగర బిల్డింగ్స్ శాఖ (డీఓబీ) వారి డీఓబీ నౌ పోర్టల్‌లోనే వేస్తున్నప్పుడు, ఆ పని మీరే చేస్తే ఆ డబ్బు మిగలదా? అసలు ఆయన చేసేదేమిటి?

ముందే చెబుతున్నాను, నేనూ ఈ వృత్తిలోనే ఉన్నాను. డీఓబీలో నమోదైన ఫైలింగ్ రిప్రజెంటేటివ్‌ని, ఎక్స్‌పెడైటర్‌కు అధికారిక పేరు అదే. కాబట్టి నా మాటల్లో కాస్త తరుగు తీసి చదువుకోండి.

ఫైలును వరుస తప్పించి ముందుకు నెట్టే శక్తి ఏ ఎక్స్‌పెడైటర్‌కూ లేదు. ‘లోపల మనవాళ్లున్నారు, వారంలో తెప్పిస్తాను’ అనే మనిషి తగిలితే నమస్కారం పెట్టి పంపించేయండి. 2015లో మన్‌హట్టన్ డిస్ట్రిక్ట్ అటార్నీ లంచాల కేసుల్లో 50 మందిపై అభియోగాలు మోపారు. అందులో బిల్డింగ్స్ శాఖ, హౌసింగ్ శాఖ ఉద్యోగులతో పాటు ఎక్స్‌పెడైటర్లు కూడా ఉన్నారు. అలాంటి మనిషి మీ ప్రాజెక్టులో ఉంటే రేపు విచారణలో మీ కంపెనీ పేరు కూడా వస్తుంది.

చట్టం ప్రకారం మా పరిధి చిన్నదే. నమోదులో రెండు తరగతులున్నాయి. మొదటి తరగతి వారు కాగితాలు దాఖలు చేయవచ్చు, తెచ్చుకోవచ్చు. రెండో తరగతి వారు బిల్డింగ్ కోడ్, జోనింగ్ (ఏ స్థలంలో ఏది, ఎంత కట్టవచ్చన్న నియమాలు) విషయాల మీద, డ్రాయింగులు పరిశీలించే డీఓబీ ప్లాన్ ఎగ్జామినర్‌తో కూర్చుని మాట్లాడవచ్చు. డ్రాయింగుల మీద సంతకం, సీలు మాత్రం రిజిస్టర్డ్ ఆర్కిటెక్టుదో ప్రొఫెషనల్ ఇంజనీరుదో అయి ఉండాలి. అవి మేం వేయలేం. ఇంత చిన్న పరిధిలో ఉన్నవాడికి అంత ఫీజు ఎందుకు అన్నది మీ సందేహం. ఫైలు నెలల తరబడి ఆగే చోట్లలో చాలావాటికి డీఓబీతో సంబంధమే ఉండదు. ఏ కాగితం దేనికంటే ముందు కావాలో తెలిసి, ఆ కాగితం ఎవరి దగ్గర ఆగిందో కనిపెట్టి, మీ షెడ్యూలుకు అది అడ్డం రాకముందే తెప్పించడం మా పని. అప్‌లోడ్ చేయడం అందులో అతి తేలిక భాగం.

అన్నిటికంటే మామూలు ఆటంకం చూడండి. డీఓబీ నౌలో ఒక దరఖాస్తు కదలాలంటే ఆర్కిటెక్టు, యజమాని, పర్మిట్ దశకు వచ్చాక కాంట్రాక్టరు, ఎవరి ఖాతాలోకి వారు వెళ్లి తమ ధ్రువీకరణ తామే పెట్టాలి. ఒకరి బదులు మరొకరు పెట్టడానికి లేదు. యజమాని ఒక వ్యక్తి కాకుండా కో-ఆప్ (నివాసితులే వాటాదార్లుగా ఉన్న హౌసింగ్ సంస్థ) అయితే బోర్డు తరఫున అధికారం ఉన్న ఆఫీసరు కావాలి. ఆయన చలికాలమంతా ఫ్లోరిడాలో ఉంటారు, పాస్‌వర్డ్ గుర్తుండదు, అడిగిన ఈ-మెయిల్ వేరొక పెట్టెలోకి వెళ్లి ఉంటుంది. డ్రాయింగులు సిద్ధంగా ఉండగా దరఖాస్తు ఇంకా దాఖలే కాని స్థితిలో వారాలు గడిచిపోతాయి. సైటు మీటింగులో మాత్రం అందరూ ‘సిటీ దగ్గర పెండింగ్’ అని చెప్పుకుంటుంటారు.

తర్వాతది ఆస్బెస్టాస్, పాత నిర్మాణాల్లో వాడిన హానికరమైన రాతినార. పాత భవనంలో మార్పులకు పర్మిట్ కావాలంటే సర్టిఫైడ్ ఆస్బెస్టాస్ ఇన్వెస్టిగేటర్ పరిశీలించి, ఆ పనికి ఆస్బెస్టాస్ అడ్డం లేదని ఇచ్చే ఏసీపీ-5 పత్రం కావాలి. ఇది పర్యావరణ పరిరక్షణ శాఖకు చెందిన వ్యవహారం. ఆర్కిటెక్టు డ్రాయింగులు గీస్తున్నప్పుడే ఆ ఇన్వెస్టిగేటర్‌ను పిలిస్తే ఎవరికీ నొప్పి తెలియదు. ప్లాను ఆమోదం వచ్చాక పిలిస్తే, పైపుల చుట్టూ ఉన్న పాత పొరలో ఆస్బెస్టాస్ తేలితే, దాన్ని తీయించడానికి మరో లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరు, మరో నోటిఫికేషన్, మరో ఖర్చు. అప్పటికి మీ డెమోలిషన్ ముఠాకు తేదీ ఇచ్చేసి ఉంటారు.

చారిత్రక ప్రాంతాల్లో ల్యాండ్‌మార్క్స్ కమిషన్ ఒకటుంది, 1965 చట్టంతో వచ్చింది. వీధికి కనిపించే కిటికీ మార్చాలన్నా వారి అనుమతి ముందు ఉండాలి. భవనం మీద పర్మిట్ లేకుండా పని చేసిన పాత కేసు ఏదైనా ఉంటే, ఆ జరిమానా కట్టేదాకా కొత్త పర్మిట్ రాదు. ఒకటి రెండు కుటుంబాల ఇళ్లు కాని భవనాలకు ఆ జరిమానా ఫైలింగ్ ఫీజుకు 21 రెట్లు, కనీసం 6,000 డాలర్లు, గరిష్ఠంగా 15,000. అది ఎప్పుడో పాత కాంట్రాక్టరు చేసిన నిర్వాకం కావచ్చు. బిల్లు మాత్రం ఇప్పుడు వస్తుంది. మంచి ఎక్స్‌పెడైటర్ పని ఒప్పుకోకముందే ఆ చిరునామా మీద ఉన్న తాఖీదులు, మూయకుండా వదిలేసిన పాత దరఖాస్తులు అన్నీ తీసి ఒక పేజీలో మీ ముందు పెడతాడు. ఆ పేజీ టెండరు వేసే ముందే చేతికి వస్తే మీ ధరలో, గడువులో దానికి చోటు ఇవ్వగలరు. మీ కంపెనీ ఆయన్ను ఏ దశలో పిలుస్తోందో ఒకసారి గమనించండి. కాంట్రాక్టు మీద సంతకం అయ్యాక పిలుస్తుంటే సగం లాభం అప్పటికే పోయినట్లే.

ఇక కాంట్రాక్టర్‌కు నేరుగా తగిలే విషయానికి వస్తాను. పర్మిట్ మీ కంపెనీ పేరు మీద వస్తుంది. దానికి మీ ఇన్సూరెన్సు కాగితాలు డీఓబీ రికార్డులో సరిగ్గా ఉండాలి. మీ బ్రోకరు పంపిన పత్రాలు తెరిచి చూడండి. జనరల్ లయబిలిటీకి (ఇతరులకు జరిగే నష్టానికి బీమా) బీమా రంగంలో మామూలుగా వాడే అకార్డ్ పత్రం సరిపోతుంది, సర్టిఫికెట్ హోల్డర్‌గా బిల్డింగ్స్ శాఖ పేరు ఉండాలి. వర్కర్స్ కాంపెన్సేషన్‌కు (పనిలో గాయపడినవారికి పరిహార బీమా) మాత్రం న్యూయార్క్‌లో అకార్డ్ చెల్లదు. సీ-105.2 ఫారం కావాలి, పాలసీ స్టేట్ ఇన్సూరెన్స్ ఫండ్‌ది అయితే యూ-26.3. డిజెబిలిటీ బీమాకు డీబీ-120.1 ఫారం. మూడింటిలోనూ కంపెనీ పేరు డీఓబీలో నమోదైన పేరుతో అక్షరం తేడా లేకుండా కలవాలి. ఒకదానిలో ‘ఇన్‌కార్పొరేటెడ్’, మరోదానిలో ‘ఎల్ఎల్‌సీ’ అని ఉంటే తిరుగు టపా. బ్రోకరు ఆఫీసులో గుమాస్తాకు ఇదంతా ఒక కాగితమే. మీకు మాత్రం ముప్పై మంది పనివాళ్లు ఖాళీగా కూర్చోవడం.

దీని తోక ఇంకా ఉంది. పర్మిట్ గడువు మామూలుగా ఏడాది. కానీ మీ ఇన్సూరెన్సు గాని లైసెన్సు గాని అంతకుముందే ముగిస్తే పర్మిట్ కూడా ఆ రోజుతోనే ముగుస్తుంది. అక్టోబరులో తీసుకున్న పర్మిట్, మీ పాలసీ మార్చి 1న ముగిస్తే, మార్చి 1కే చచ్చిపోతుంది. పాలసీ రెన్యూ అయితే సరిపోదు, కొత్త కాగితం డీఓబీకి చేరాలి, పర్మిట్ రెన్యూ చేయాలి. ఒక కంపెనీకి పదిహేను సైట్లుంటే ఆ ఒక్క తేదీన పదిహేను పర్మిట్లు ఒకేసారి పడిపోతాయి. ఫెన్సు మీద కాలం చెల్లిన పర్మిట్ వేలాడుతుండగా ఇన్‌స్పెక్టర్ వస్తే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు. మీ ఆఫీసులో ఈ తేదీల పట్టిక ఎవరి దగ్గరుంది? ‘ఎక్స్‌పెడైటర్ చూసుకుంటాడు’ అన్నది జవాబైతే, మీ దగ్గర కూడా ఒక ప్రతి ఉంచుకోండి.

పూర్తి కూల్చివేతలో వరుస ఎంత ముఖ్యమో బాగా తెలుస్తుంది. పాత భవనం పడగొట్టాలంటే గ్యాసు, కరెంటు కోసినట్లు కంపెనీల లేఖలు, నీరు, మురుగు కనెక్షన్లు మూసినట్లు రుజువు, ఆస్బెస్టాస్ సంగతి తేలినట్లు పత్రం, ఎలుకలను నిర్మూలించినట్లు సర్టిఫికెట్ కూడా కావాలి. ఎలుకల సంగతి విని కొత్తవాళ్లు నవ్వుతారు. వందేళ్ల భవనం పడగొడితే అందులోని ఎలుకలు వీధి మొత్తానికి అతిథులవుతాయి, అందుకే ఆ నియమం. వీటిలో గ్యాసు లేఖ అందరికంటే మెల్లగా వస్తుంది. పైగా లోపల చివరి అద్దెదారు ఉన్నంతకాలం గ్యాసు కోయలేరు. అంటే మీ కూల్చివేత తేదీని నిర్ణయించేది డీఓబీ కాదు, ఆ అద్దెదారు ఇల్లు ఖాళీ చేసే తేదీ. ఎక్స్‌పెడైటర్ మొదటి మీటింగులో డ్రాయింగుల కంటే ముందు అద్దెదార్ల గురించి అడుగుతున్నాడంటే పని తెలిసినవాడని అర్థం.

పర్మిట్ చేతికి వచ్చాక మా పని అయిపోయిందనుకుంటారు. నిజానికి జనరల్ కాంట్రాక్టర్‌తో మా సంబంధం అక్కడే మొదలవుతుంది. మామూలు రోజుల్లో ఉదయం 7 నుంచి సాయంత్రం 6 దాకానే పని చేయవచ్చు. శనివారం పని కావాలన్నా, స్లాబు కాంక్రీటు ఆరు దాటేలా ఉన్నా ఆఫ్టర్ అవర్స్ వేరియన్స్ (వేళ దాటి పని చేయడానికి ప్రత్యేక అనుమతి) ముందుగా తీసుకోవాలి, కారణం చూపించాలి. ‘మాకు ఆలస్యమైంది’ అన్నది కారణం కాదు. భవనం ఎత్తు 40 అడుగులు దాటితే కాలిబాట మీద రక్షణ షెడ్డు కావాలి, దానికి వేరే పర్మిట్. క్రేను నిలబెట్టడానికి, కంటైనరు పెట్టడానికి, రోడ్డు ఒక వరుస మూయడానికి రవాణా శాఖ అనుమతులు. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ ముందు నుంచి కొత్త సంవత్సరం దాకా రద్దీ వీధుల్లో రవాణా శాఖ పండుగ ఆంక్షలు పెడుతుంది. మన్‌హట్టన్ మధ్యలో డిసెంబరులో క్రేనుతో స్టీలు ఎత్తుతామని షెడ్యూల్ వేసినవాడు ఆ ఆంక్షల సంగతి ఎవరినీ అడగలేదన్నమాట. ఆ మాట చెప్పాల్సిన వేళ సెప్టెంబరు.

సైటు భద్రతలోనూ కాగితం మాకు, మనుషులు మీకు. 2017 నాటి నగర చట్టం లోకల్ లా 196 ప్రకారం పెద్ద సైట్లలో ప్రతి పనివాడికీ 40 గంటల భద్రతా శిక్షణ కార్డు ఉండాలి, సూపర్‌వైజర్లకు 62 గంటలు. ఈ కార్డుల విషయంలో ఎక్స్‌పెడైటర్ చేయగలిగేది ఏమీ లేదు. మీరే గేటు దగ్గర చూసుకోవాలి.

ఇప్పుడు మీలాంటి ప్రాజెక్ట్ మేనేజర్లు ఎక్కువగా నిర్లక్ష్యం చేసే విషయం. గోడ విప్పితే డ్రాయింగులో లేని పైపు కనబడుతుంది. ఆర్కిటెక్టు ఫోనులో ‘సరే, రెండడుగులు జరపండి’ అంటాడు. సూపరింటెండెంటు జరిపేస్తాడు. పని బ్రహ్మాండంగా ఉంటుంది. చివరి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ చేతిలో మాత్రం ఆమోదించిన డ్రాయింగే ఉంటుంది. తలుపు ఇటు తెరుచుకోవాలి, అటు తెరుచుకుంటోంది. తప్పించుకునే దారి వెడల్పు తగ్గింది. తనిఖీ ఫెయిల్. అప్పుడు పోస్ట్ అప్రూవల్ అమెండ్‌మెంట్ (ఆమోదం తర్వాతి సవరణ) వేయాలి, అది మళ్లీ ప్లాన్ ఎగ్జామినర్ దగ్గరికి వెళ్లాలి, అభ్యంతరాలు రావచ్చు. అదే గోడ జరిపిన వారంలోనే మాకు చెప్పి ఉంటే, పెయింటు పడేలోపు సవరణ కూడా ఆమోదమయ్యేది. సైటులో జరిగిన మార్పుల్లో ఏది సవరణ కోరుతుంది, ఏది అక్కరలేదు అన్నది చెప్పడానికి ఎక్స్‌పెడైటర్‌ను వారానికొకసారి అరగంట ఫోనులో కూర్చోబెట్టండి. ఫీజులో మీకు గిట్టుబాటయ్యే భాగం నా లెక్కలో ఇదే.

ముగింపు దశ అన్నిటికంటే కష్టం. ఎందుకంటే అప్పటికి అందరూ వేరే ప్రాజెక్టులకు వెళ్లిపోయి ఉంటారు. భవన వినియోగం మారే పనుల్లో సర్టిఫికెట్ ఆఫ్ ఆక్యుపెన్సీ (భవనాన్ని వాడుకోవచ్చన్న పత్రం) కావాలి, చిన్న మార్పులకు లెటర్ ఆఫ్ కంప్లీషన్ (పని పూర్తయిందన్న లేఖ). ప్లంబింగు, కరెంటు పర్మిట్లు లైసెన్స్ ఉన్న మాస్టర్ ప్లంబర్, ఎలక్ట్రీషియన్ సొంతంగా తీసుకుంటారు, వారే మూయించాలి. స్పెషల్ ఇన్‌స్పెక్షన్ ఏజెన్సీ తన తనిఖీల ఫారం టీఆర్-1 మీద చివరి సంతకం పెట్టాలి. లిఫ్టు, ఫైర్ అలారం తనిఖీలు అవ్వాలి. చివరి ఖర్చు అఫిడవిట్ ఇవ్వాలి, ఖర్చు పెరిగి ఉంటే ఫీజులో తేడా కట్టాలి. వీరిలో ఎవరో ఒకరికి మీ కంపెనీ చివరి బిల్లు బాకీ ఉండే ఉంటుంది, ఆ సంతకం అక్కడే ఆగుతుంది. తాత్కాలిక ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ సాధారణంగా 90 రోజులకే ముగుస్తుంది కాబట్టి, ఆ ఒక్క సంతకం కోసం దాన్ని పదే పదే పొడిగించుకుంటూ ఏళ్లు గడిపే భవనాలు నగరంలో ఉన్నాయి. ఇక్కడ ఎక్స్‌పెడైటర్ ఇచ్చే జాబితా చూసి, బాకీల విషయం మీ అకౌంట్స్ విభాగంతో మీరు తేల్చాలి. ఆ పని ఆయన చేయలేడు.

ఆర్కిటెక్టు సొంత ధ్రువీకరణ దారి ఉంది కదా, అందులో ప్లాన్ పరిశీలన లేకుండానే పర్మిట్ వస్తుంది కదా అని మీరు అడగవచ్చు. 1995 నుంచి ఉంది. మన దగ్గర తెలంగాణలో 2020లో వచ్చిన ఆన్‌లైన్ భవన అనుమతుల వ్యవస్థ టీఎస్-బీపాస్ కూడా చిన్న స్థలాలకు ఈ ధోరణిలోనే, సొంత ధ్రువీకరణ మీద తక్షణ అనుమతి ఇచ్చింది, పెద్ద వాటికి 21 రోజుల గడువు పెట్టింది. కాంట్రాక్టర్లకు ఈ దారి మహా ఇష్టం. నాకు మాత్రం చిన్న, సూటి పనులకే ఇష్టం. ఆ దరఖాస్తుల్లో కొన్నిటిని తర్వాత ఆడిట్‌కు తీస్తారు. తప్పు దొరికితే అప్పటికి మీరు గోడలు లేపేసి ఉంటారు, పర్మిట్ రద్దు నోటీసు వస్తుంది. ప్లాన్ ఎగ్జామినర్ అభ్యంతరం కాగితం మీద వస్తే రబ్బరుతో సరిపోతుంది, ఆడిట్ అభ్యంతరానికి సుత్తి కావాలి. జోనింగ్ లెక్క సందిగ్ధంగా ఉన్న స్థలంలో సొంత ధ్రువీకరణ చేద్దామని ఎవరైనా అంటే, ఆ నిర్ణయం రాతపూర్వకంగా యజమాని చేత తీసుకోనివ్వండి.

అన్ని పనులకూ మేం అవసరమని నేననను. పెయింటు, ప్లాస్టరింగు, వంటగది అల్మారాలు మార్చడం వంటి వాటికి న్యూయార్క్‌లో పర్మిటే అక్కరలేదు. హడ్సన్ నది దాటి న్యూజెర్సీకి వెళితే వ్యవహారం వేరు. రాష్ట్రమంతటికీ ఒకే యూనిఫాం కన్‌స్ట్రక్షన్ కోడ్ ఉంది, టౌన్ కన్‌స్ట్రక్షన్ ఆఫీసులో భవనం, కరెంటు, ప్లంబింగు, అగ్నిమాపకం వేర్వేరు దరఖాస్తులుంటాయి, 20 పనిదినాల్లో సమాధానం రావాలి. అక్కడి ఎడిసన్ పట్టణంలో బేస్‌మెంటు పూర్తి చేయించుకునే మనవాళ్లు కొందరు న్యూయార్క్ అలవాటుతో ఎక్స్‌పెడైటర్ కోసం వెతుకుతుంటారు. అనవసరం. కౌంటరు దగ్గర గుమాస్తాతో పది నిమిషాలు మర్యాదగా మాట్లాడితే ఏయే కాగితాలు కావాలో ఆవిడే చెబుతుంది.

మీ అసలు ప్రశ్నకు, అంటే మీరే చేయవచ్చా అన్నదానికి, నా జవాబు: ముందు రెన్యువల్స్, ఆఫ్టర్ అవర్స్ దరఖాస్తులు, ఇన్సూరెన్సు కాగితాల బాధ్యత మీరు తీసుకోండి. ఆయన్ను అడిగి నేర్చుకుంటూ చేస్తే కొన్ని నెలల్లో వస్తుంది. ఫీజు కూడా ఆమేరకు తగ్గించమని అడగవచ్చు. కానీ దరఖాస్తుదారు తరఫున డీఓబీలో వ్యవహరించాలంటే నమోదు ఉండాలన్నది మరచిపోకండి. కోడ్ మీద ఎగ్జామినర్‌తో వాదన, జోనింగ్, కూల్చివేత, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉన్న పనులు మాత్రం వదిలేయండి.

చివరగా కాంట్రాక్టు సంగతి. అమెరికా ఆర్కిటెక్టుల సంస్థ ఏఐఏ వారి నమూనా కాంట్రాక్టు పత్రం ఏ201 సాధారణ షరతుల్లో 3.7.1 చదవండి. వేరే విధంగా రాసి ఉంటే తప్ప, బిల్డింగ్ పర్మిట్ తెచ్చి, ఫీజు కట్టాల్సింది కాంట్రాక్టరే. న్యూయార్క్‌లో ప్లాన్ ఆమోదం దాకా ఎక్స్‌పెడైటర్ సాధారణంగా ఆర్కిటెక్టు లేదా యజమాని మనిషి, పర్మిట్ దశ నుంచి ఖర్చు మీది. ఒకే మనిషి ఇద్దరికీ పని చేస్తుంటే సవరణలకు ఎవరు చెల్లిస్తారు, తాత్కాలిక సర్టిఫికెట్ పొడిగింపులు ఎవరి ఖాతాలో పడతాయి అన్నవి సంతకానికి ముందే రాసుకోండి. ఫీజు గంటల లెక్కన కాక ఒక్కో ఫైలింగుకు ఇంత అని మాట్లాడండి. అందులో కొంత భాగం లెటర్ ఆఫ్ కంప్లీషన్ వచ్చేదాకా ఆపి ఉంచుతామని షరతు పెట్టండి. ఆ షరతుకు ఒప్పుకోని ఎక్స్‌పెడైటర్‌కు మొదటి సగం పని మాత్రమే వచ్చు.